దించిన పిల్ల

1. ఆరుద్ర కార్తె, తొలి వానలు

అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు. మెడకి పిల్ల వేలాడుతోంది. దాని ఒక చెయ్యి నా జుట్టులో ఉంది, రెండోది నేను రాసే చేతి జబ్బని పట్టుకుని ఉంది. వదలమంటే వదలదు. పుట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస.

కొండ మీది జీవశాల డాక్టరు ఇందుమతి గారు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను, సరదాకి కాదు. పోయినసారి మందుల పడవలో వచ్చినప్పుడు మా చెట్టు మీద కాపురం ఉంటున్న దేవాంగపిల్లిని చూసి ఆవిడ మురిసిపోయారు. "తాయారు గారూ, మీరు రోజూ దీన్ని చూస్తూనే ఉంటారు కదా. దీనికీ మీకూ ఉన్న పోలికలూ తేడాలూ రాసి పెట్టండి" అన్నారు. రాస్తే సబ్బులిస్తారట. మా చెట్టు మీద సబ్బంటే బంగారం కిందే లెక్క. సరేనన్నాను.

పిల్లి అంటారే గానీ పిల్లి పోలిక ఒక్కటీ లేదు. జానెడు ఒళ్ళు, తోక లేదు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, ముఖమంతా కళ్ళే. పగలంతా ముడుచుకుని పడుకుంటుంది, పొద్దుగూకితే పురుగుల వేటకి బయల్దేరుతుంది. నడక చూస్తే నాకే విసుగొస్తుంది. ఒక చెయ్యి తీసి ఇంకో చోట వేసేలోపు నేను అన్నం వార్చి రావచ్చు.

పోలిక: మణికట్టు. సముద్రం గోదావరి లంకల్ని మింగేశాక మా ముత్తాతలు ఈ పెద్ద మడ చెట్లెక్కారు. మామూలు చేతులతో కొమ్మ పట్టుకుని ఎంతసేపుంటారు? తిమ్మిరెక్కి నీళ్ళలో పడిపోయేవారు. దేవాంగపిల్లి మణికట్టులో నెత్తురు నాళాలు సన్నగా చీలి జడలా అల్లుకుని ఉంటాయి, అందుకే దాని చెయ్యి తిమ్మిరెక్కదు. కొండ డాక్టర్లు అలాంటి మణికట్టే మా వాళ్ళకి పుట్టించారు. అలా పుట్టినవాళ్ళ సంతానం మేము. మమ్మల్ని పట్టుమనుషులంటారు. ఇప్పుడు కొండవాళ్ళకీ మాకూ కలిపి పిల్లలు పుట్టరు, జాతి వేరైపోయింది.

తేడా: అది తన ఉచ్చతో చేతులు కడుక్కుంటుంది. మేము కడుక్కోము. ఇది పెద్ద అక్షరాలతో రాసుకోండి డాక్టరు గారూ. కొండ మీద మా గురించి ఏమేం చెప్పుకుంటారో నాకు తెలుసు.

2. ఆరుద్ర కార్తె, చివర్లో

మీరు రేడియోలో అడిగారు, పిల్ల పేరేమిటని. పేరు లేదు. మా పిల్లలు రెండో ఏడు నిండితే గానీ పట్టు వదలరు. తనంతట తాను వదిలి ఒక్కతే కొమ్మ మీద నిలబడిన రోజున పేరు పెడతాం. అంతదాకా అందరూ 'పిల్ల'లే.

అంతదాకా ఎవరో ఒకరి ఒంటి మీదే ఉండాలి. మామూలుగా అయితే ఇది కష్టం కాదు. తల్లి, తండ్రి, నాయనమ్మ వంతులేసుకుంటారు. మా ఇంట్లో ఇప్పుడు వంతులెయ్యడానికి మనుషుల్లేరు. మా ఆయన సూరిబాబు బియ్యం పడవతో కొండకి వెళ్ళాడు, నీటి ఉరవడి తగ్గితే గానీ రాలేడు. మా అత్తయ్య వరహాలమ్మ గారికి కీళ్ళ జ్వరం. మణికట్లు గుమ్మడికాయల్లా వాచాయి. అది పిల్లకి అంటుకుంటుందని, వాపు తీసేదాకా దగ్గరికి రానివ్వద్దని మీరే చెప్పారు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

పైగా నాది నీళ్ళ పని. కొమ్మల మధ్య వాన గుడ్డలు కట్టి ఉంటాయి. నిండిన గుడ్డని వెంటనే డ్రమ్ములోకి వంపకపోతే బరువుకి చిరుగుతుంది. వాన పడుతున్నంతసేపూ తాళ్ళ మీద ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉండాలి. చెట్టు మీది ఇళ్ళన్నింటికీ ఆ నీళ్ళే దిక్కు, చుట్టూ ఉన్నదంతా ఉప్పు నీరే కదా.

ఇంటికొచ్చి నడుం వాల్చుదామంటే అదీ కుదరదు. ఒంటి మీద పిల్ల ఉన్న మనిషి పడుకోకూడదు. నిద్రలో దొర్లి పిల్ల చాప మీదికి జారితే దాన్ని 'దించిన పిల్ల' అంటారు. మానుకి వీపు ఆనించి కూర్చునే కునుకు తియ్యాలి.

ఇవాళ పక్క మంచె మీది గంగరత్నం తాడు దాటి వచ్చింది. వరసకి నాకు మరదలు. మొగుడు పెద్ద సముద్రప్పోటులో కొట్టుకుపోయాడు, పిల్లల్లేరు. నా ముఖం చూసి ఉండబట్టలేక, "వదినా, కాసేపు నాకియ్యి, నేనెత్తుకుంటాను. నువ్వు పడుకో" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య దుప్పట్లోంచి లేచి కూర్చుంది. "ఏవిటే రత్నం, ఆ మాటకి అర్థం తెలిసే అంటున్నావా? బైటోళ్ళ చేతికి పిల్లని అందిస్తే దత్తతిచ్చేసినట్టే. మళ్ళీ పుచ్చుకోడాలుండవు. ఎల్లవే, ఎల్లు!"

రత్నం ముఖం చిన్నబోయింది. "నాకేం తెల్దండి పెద్దమ్మా, అలిసిపోయిందని అన్నాను" అంటూ వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ పిల్ల కేసి చూసిన చూపు ఉందే, అది చూసి నేను పిల్లని గట్టిగా పట్టుకున్నాను. పాపం అనిపించింది. భయమూ వేసింది.

3. పునర్వసు కార్తె, మొదట్లో

ఇవాళ మీకు పనికొచ్చేది రాస్తాను. మీరొచ్చి వెళ్ళాక దేవాంగపిల్లి ఈనింది, ఇన్నాళ్ళూ దాని పిల్ల పొట్టని కరుచుకునే ఉంది. నా బతుకే దానిదీ అనుకున్నాను. మునిమాపు వేళ చూద్దును కదా, అది ఒక కొమ్మకి పొట్ట ఆనించి కదలకుండా ఉండిపోయింది. పిల్ల చెయ్యి ఒకటి తడుముకుని తడుముకుని కొమ్మని పట్టుకుంది. తరవాత రెండోది. నాలుగూ కొమ్మని పట్టుకున్నాక తల్లి మెల్లిగా పక్కకి జారుకుని, దాని మొహం నాకి, తన దారిన వేటకి పోయింది!

నాకు గుండె ఆగినంత పనైంది. రేడియోలో మిమ్మల్ని పిలిచి అరిచాను, పిల్లని వదిలేసి పోయిందండీ అని. మీరు నవ్వారు. "అది వాటి పద్ధతేనండి. కొన్ని వారాలు మోస్తుంది, తరవాత రోజూ సాయంత్రం కొమ్మ మీద పెట్టి వెళ్తుంది. తెల్లారేసరికి వచ్చి తీసుకుంటుంది" అన్నారు.

తెల్లారి చూశాను. వచ్చింది. పిల్ల పెట్టిన చోటే ఉంది. మధ్యలో ఒక మగది వచ్చిందట, పిల్లని శుభ్రం చేసి కాసేపు ఆడించి పోయిందట. ఆ సంగతి రత్నం చెప్పింది, తనకి తెల్లారకముందే లేచే అలవాటు. మగది పిల్లని ఎత్తుకుపోలేదు. అలాంటి ఆలోచనే దానికి లేనట్టుందని రత్నం అంది.

తేడా రాసుకోండి. మాలో దించిన పిల్ల ఎత్తినవాళ్ళది. ముత్తాతల కాలంలో తల్లులు నీళ్ళలో కొట్టుకుపోతే పిల్లలు కొమ్మలు పట్టుకుని మిగిలిపోయేవారు. ఎవరికి కనబడితే వాళ్ళు ఎత్తి పెంచారు. ఎవరి బిడ్డ అని ఎవరూ అడగలేదు, అడిగితే ఎవరు పెంచుతారు? ఆ మాటే కట్టుబాటై కూర్చుంది. తల్లి కళ్ళెదురుగా ఉన్నా సరే, కొమ్మ మీద ఒంటరిగా ఉన్న పిల్లని ఎవరెత్తితే వాళ్ళదే.

దేవాంగపిల్లి సంగతి అత్తయ్యకి చెబితే, "జంతువుల్ని చూసి బుద్ధులు నేర్చుకుంటావేంటే?" అంది.

4. పునర్వసు కార్తె, చివర్లో

ఆకాశానికి చిల్లు పడింది. గుడ్డలు వంపడం, నిండడం, మళ్ళీ వంపడం. కంటి మీద కునుకు లేదు. పిల్లకి పళ్ళొస్తున్నాయి, నా భుజమంతా కొరికి పెట్టింది. నిన్న దాన్ని "పీడా" అని తిట్టాను. అది నవ్వింది. నేను ఏడ్చాను.

ఇవాళ తాడు మీద నిద్రపోయాను. ఎప్పుడు కళ్ళు మూసుకున్నానో తెలియదు. తెలిసేసరికి ఒంటి చేత్తో వేలాడుతున్నాను, కింద పోటు నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి, పిల్ల నా జుట్టు పట్టుకుని కేరుమంటోంది. ఎలా పైకొచ్చానో ఆ దేవుడికి తెలియాలి. మణికట్టు కాపాడింది. మణికట్టుకి అలుపు లేదు డాక్టరు గారూ, మీ తాతలు చక్కగా చేశారు. మిగతా ఒంటి సంగతే ఎవరూ పట్టించుకున్నట్టు లేరు.

ఇంట్లో చెప్పలేదు. మీకు చెప్పాను. మీరు కంగారుపడి, "తాయారు గారూ, మీరు పడుకోకపోతే ఈసారి ఇద్దరూ పోతారు. ఒక్క పూట కింద పెట్టండి" అన్నారు. మీకేం, చెబుతారు. మీ పిల్లలు ఉయ్యాల్లో పడుకుంటారు. ఉయ్యాల్లోంచి ఎవరైనా తీసుకుంటే మీరు పోలీసుల్ని పిలుస్తారు. ఇక్కడ పిలిస్తే చెట్టంతా వచ్చి, "దించావు కదమ్మా" అని వెళ్ళిపోతుంది.

అయినా ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఇద్దరూ పోతారు.

5. పుష్యమి కార్తె, మొదట్లో

దించాను.

పొద్దున్న తుంపర పడుతోంది. మంచెకి వెనక వైపు, ఆకుల చాటున అడ్డంగా పోయిన కొమ్మ ఒకటుంది. దేవాంగపిల్లి చేసినట్టే చేశాను. కొమ్మకి పొట్ట ఆనించి ఊపిరి బిగబట్టి ఉన్నాను. పిల్ల చెయ్యి నా రవికని వదిలి బెరడుని పట్టుకుంది. రెండో చెయ్యి. కాళ్ళు. జారుకున్నాను. అది ఏడవలేదు, వింతగా చూసింది. నా మెడ ఖాళీగా ఉంటే గాలి తగిలి ఒళ్ళు జలదరించింది. రెండు గుడ్డలు వంపేసి, డ్రమ్ము పక్కన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని వచ్చేద్దామనుకున్నాను.

వాన జోరైన చప్పుడుకి మెలకువొచ్చింది. పరిగెత్తాను. కొమ్మ ఖాళీ.

ఎదురుగా తన మంచె మీద రత్నం కూర్చుని ఉంది. పిల్ల దాని మెడని కరుచుకుని నిద్రపోతోంది. చుట్టుపక్కల మంచెల వాళ్ళందరూ లేచి నిలబడి చూస్తున్నారు. చూశారంటే సాక్ష్యమే.

నా నోటికి ఎంతొస్తే అంత అన్నాను. దొంగా అన్నాను. గొడ్రాలివి, కాచుకుని కూర్చున్నావు, నా కడుపు మీద కొట్టావు అన్నాను. ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

నేను రొప్పుతూ ఆగాక రత్నం మెల్లిగా అంది. "ఏడుపు వినబడి వచ్చేను. కొమ్మ జారుడెక్కిపోయింది వదినా. ఒక చెయ్యి వదిలేసింది. పిలిచేను, నువ్వు పలకలేదు. ఎత్తకపోతే నీళ్ళలో పడిపోయేది. ఏం చెయ్యను?"

"ఇచ్చెయ్యి" అన్నాను.

"ఇప్పుడది నాదంట కదా. నీ చేతికందిస్తే నేను దత్తతిచ్చినట్టు. దాని తల్లి పేరు నాదే ఉండిపోద్ది, నువ్వు పెంచుకున్నదానివి అవుతావు. నీ కన్న బిడ్డకి నువ్వు పెంపుడు తల్లివా?" అంది. "నిద్రపోతోంది, లేపకు. ముందు నువ్వు పడుకో. ముఖం చూసుకున్నావా? దెయ్యం పట్టినదానిలా ఉన్నావు."

పోట్లాడదామనుకున్నాను. తాడు దాటి దాని మంచె మీదికి వెళ్ళేసరికి ఓపిక అయిపోయింది. దాని చాప మీద, దాని కాళ్ళ దగ్గరే, చెట్టంతా చూస్తుండగా, బిడ్డని పోగొట్టుకున్నదాన్ని, వెల్లకిలా పడి నిద్రపోయాను. ఎన్నో వారాల తరవాత నా నడుం నేలకానింది. ఆ సుఖం ఎలాంటిదంటే, చెప్పడానికి భయంగా ఉంది, నిద్రలోకి జారుతూ ఆ ఒక్క క్షణం పిల్ల గుర్తుకు రాలేదు.

పొద్దు వాలుతుంటే రత్నం కాలితో తట్టి లేపింది. "వదినా లే. పాలకి మారాం చేస్తోంది."

అప్పుడు రత్నం మా ఇద్దరి మధ్యా ఉన్న కొమ్మకి తన పొట్ట ఆనించింది. పిల్ల వదల్లేదు. చాలాసేపటికి పిల్ల చెయ్యి బెరడుని పట్టుకుంది. రత్నం జారుకుని, రెండడుగులు వెనక్కేసి, ముఖం అటు తిప్పుకుంది.

"దించేను. చెట్టంతా చూస్తోంది. ఎత్తుకో" అంది.

ఎత్తుకున్నాను.

6. పుష్యమి కార్తె, చివర్లో

మీరు రేడియోలో అడిగారు, ఇప్పుడెలా ఉంది అని. నిద్రపోతున్నాను డాక్టరు గారూ. పొద్దున్న మా మంచె ముందు కొమ్మ మీద నేను దించుతాను, రత్నం ఎత్తుకుంటుంది. సాయంత్రం రత్నం దించుతుంది, నేను ఎత్తుకుంటాను. కట్టుబాటు ఎక్కడా తప్పలేదు. రోజుకొకసారి నా బిడ్డ నాది కాకుండా పోతోంది, రోజుకొకసారి నాదవుతోంది. మధ్యలో పాలకి ఏడిస్తే నేను వెళ్ళి రత్నం ఒళ్ళో ఉన్న పిల్లకే వంగి పాలిచ్చి వస్తాను.

పెద్దవాళ్ళు గొణుగుతున్నారు గానీ ఏమీ అనలేకపోతున్నారు. తప్పెక్కడుందో చెప్పమంటే చెప్పలేరు. అత్తయ్య మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. గోడకి చెప్పినట్టు మానుకి చెబుతుంది: "ఏదో ఒక సాయంత్రం అది దించదు. అప్పుడు తెలుస్తాది."

అత్తయ్యని తప్పు పట్టను. నాకూ అదే భయం. సాయంత్రం నేను కొమ్మ దగ్గర నిలబడి ఉంటాను. రత్నం ఒక్కొక్క రోజు ఒక్కొక్కలా వస్తుంది. ఒకరోజు తొందరగా దించేసి పరుగున పోతుంది. ఒకరోజు "ఇంకాస్సేపు వదినా, కథ చెబుతున్నాను" అంటుంది. నిన్న పూర్తిగా చీకటి పడేదాకా దించలేదు. పిల్ల దాని చెవి పట్టుకుని ఆడుతోంది. అడగడానికి నాకు హక్కు లేదు, ఆ ఘడియకి అది దాని బిడ్డ. చివరికి దించింది. దించాక తన ఖాళీ చేతులు చీర కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. నేను పిల్లని ఎత్తుకుని అక్కడే కూలబడ్డాను.

ఒళ్ళలుపు తగ్గింది. ఈ అలుపు వేరే రకం.

పోలిక తేడా అడిగారు కాబట్టి: దేవాంగపిల్లి తెల్లారి వచ్చేటప్పుడు నింపాదిగానే వస్తుంది. దారిలో పురుగు కనిపిస్తే ఆగి తింటుంది కూడా.

7. ఆశ్లేష కార్తె

సూరిబాబు వచ్చాడు. అత్తయ్య మణికట్ల వాపు తీసేసింది, మీ మందే పనిచేసింది. వానలు తెరిపిచ్చాయి, గుడ్డల పని తగ్గింది. మూడు రాత్రులుగా పిల్లని వాళ్ళిద్దరూ వంతులేసుకుని మోస్తుంటే నేను కాళ్ళు బారజాపుకుని పడుకున్నాను. ఒళ్ళు దూదిపింజలా ఉంది.

జరిగిందంతా విని సూరిబాబు తెల్లబోయాడు. "నీకు మతి గాని పోయిందా తాయారూ? రత్నం దించకపోతే ఏం చేసేదానివి?"

"ఏం చేస్తాను, ఏడ్చేదాన్ని" అన్నాను.

అత్తయ్య చాలా రోజుల తరవాత నాతో మాట్లాడింది. "సరే, అయిందేదో అయింది. గండం గడిచింది. ఇంక అవసరం లేదు, ఆపెయ్యి."

నిజమే, అవసరం లేదు. నిన్న సాయంత్రం రత్నం కూడా ఆ మాటే అంది. పిల్లని దించి, "అన్నయ్యొచ్చేడుగా వదినా. ఇంక రేపట్నించి పన్లేదు" అని నవ్వింది. నవ్వు బాగానే ఉంది. తాడు దాటుతూ ఒకసారి ఆగింది, వెనక్కి మాత్రం చూడలేదు.

ఇవాళ పొద్దున్న లేచి, పిల్లకి పాలిచ్చి, వెళ్ళి ఆ కొమ్మ మీద దించాను.

"ఒసే, ఏం చేస్తున్నావే!" అని అత్తయ్య అరిచింది. సూరిబాబు పరుగున వచ్చి ఎత్తబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను. "ఆగండి" అన్నాను. ఆయన నా ముఖం చూసి ఆగిపోయాడు.

రత్నం మంచె మీద అలికిడి లేదు. అది ఇవాళ ఇటు చూడదని నాకు తెలుసు. పిల్ల కాసేపు బెరడు గోకింది, తరవాత మూతి విరిచింది, తరవాత రాగం అందుకుంది. పక్క మంచెల వాళ్ళు ఒక్కొక్కరే లేచారు. వాళ్ళలో ఎవరైనా ఎత్తవచ్చు. అయినా కదల్లేదు.

అప్పుడు తాడు కదిలింది. రత్నం జుట్టు కూడా ముడేసుకోకుండా వచ్చింది. పిల్లకి చెయ్యి చాచే దూరంలో ఆగిపోయింది. పిల్లని చూసింది, వెనకాల నిలబడిన సూరిబాబుని చూసింది, అత్తయ్యని చూసింది. చివరికి నన్ను చూసింది. రాత్రంతా నిద్రపోయిన నా ముఖాన్ని చాలాసేపు చూసింది.

"అలిసిపోయావా వదినా?" అంది.

"ఆయ్, ఒళ్ళు హూనమైపోయింది" అన్నాను. "ఎత్తుకోవే."

ఎత్తుకుంది.